గ్రూపు నల్లబడిన రోజు

సాయంత్రం ఆరింటికి కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి ఎన్నిక. అప్పటికల్లా ముఖం తెల్లగా, జుట్టు నల్లగా ఉండాలన్నది ఉపేందర్ ఆలోచన. బొగ్గు గనుల కంపెనీ ఏరియా స్టోర్స్ ఆఫీసులో క్లర్కు ఉద్యోగానికి ఆ రోజు సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా తలుపు వెనక కొక్కేనికి తగిలించాడు. ఇక సెలూన్‌కి వెళ్లడమే తరువాయి.

కార్యదర్శి పదవి కోసం అతను ఐదేళ్లుగా తపస్సు చేస్తున్నాడు. "మన కాలనీ మన కుటుంబం" అనే వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ అతనే. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎవరి పిల్లకు ర్యాంకు వచ్చిందో అందులోనే తెలుస్తుంది. గ్రూపు చేతిలో ఉంటే కాలనీ చేతిలో ఉన్నట్టే. అడ్డం ఉన్నది పక్క క్వార్టర్ల లైనులో ఉండే రఘుపతి ఒక్కడే. అతనికీ ఒక గ్రూపుంది.

ఉపేందర్ చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, కూతురు దీప ఫోను పట్టుకుని వచ్చింది. ఇంటర్ చదువుతోంది. లోకంలో ఎక్కడేం జరిగినా నిద్ర లేవగానే దానికి తెలిసిపోతుంది.

"నాన్నా, రఘుపతి అంకుల్ పెట్టింది సూసినవా?"

చూశాడు. విదేశంలో ఎక్కడో పోలీసులు ఒక నల్లజాతి కుర్రాణ్ణి కింద పడేసి, మెడ మీద మోకాలు పెట్టి, ఊపిరాడకుండా చంపేశారు. వీడియో ప్రపంచమంతా తిరుగుతోంది. జనం తమ ఫోటోలు తీసేసి నల్లరంగు పెట్టి, ఆ రోజంతా మౌనం పాటిస్తున్నారు. రఘుపతి తన గ్రూపు ఫోటోను తెల్లవారకముందే నల్లగా మార్చేశాడు. కింద ఒక వాక్యం కూడా జోడించాడు: "ఈ రోజు స్పందించనివారు జాత్యహంకారులే. కొందరు అడ్మిన్లు ఇంకా నిద్ర లేవలేదు."

"కొందరు అడ్మిన్లంటే ఎవలే?" అన్నాడు ఉపేందర్.

"ఈ కాలనీల ఉన్నదే ఇద్దరు నాన్నా."

వంటింట్లోంచి సంతోషి తొంగిచూసింది. "ఎవలు సచ్చిపోయిన్రు?"

"నీకు తెల్వదు."

"మీకు తెలుసా? పేరేంది?"

ఉపేందర్‌కు పొలమారింది. చాయ్ గ్లాసు కింద పెట్టి, పని మొదలుపెట్టాడు. గ్రూపు ఫోటోలో గోదావరి వంతెన మీద సూర్యోదయం ఉండేది. దాన్ని తీసేసి నల్లరంగు పెట్టాడు. రఘుపతి ఒక మెట్టు ఎక్కితే తాను రెండెక్కాలి. అందుకే అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా గ్రూపుకు తాళం వేశాడు. సంపూర్ణ మౌనం. తర్వాత తన ఫోను కూడా ఆపేసి జేబులో వేసుకున్నాడు.

ఒక్క సంగతి మరిచిపోయాడు. అది గుర్తొచ్చేసరికి చాలా ఆలస్యమైంది.

*

ఎల్లన్న సెలూన్ కాలనీ చౌరస్తాలో ఉంది. ఉపేందర్ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"బ్లీచ్ జర మందంగ కొట్టు ఎల్లన్నా. సాయంత్రం ఫోటోలుంటయి."

"నలుపు ఇరుగుతది సారు, ఫికర్ జెయ్యకున్రి. పది నిమిషాలు ఉంచాలె, గంతే."

ఎల్లన్న ముఖమంతా తెల్లటి క్రీము పట్టించి, కళ్ల మీద తడి దూది పెట్టాడు. చేయి కడుక్కుని అలవాటుగా ఫోను తీశాడు.

"సారూ." ఎల్లన్న గొంతు మారింది. "గ్రూపు నల్లగైంది."

"నేనే పెట్టిన."

"అంటే... ఎవలో పోయిన్రా?"

"చూడలేదా నువ్వు? శాన దారుణం ఎల్లన్నా." క్రీము నోట్లోకి పోకుండా పెదవులు సగమే కదిలిస్తూ చెప్పాడు ఉపేందర్. "ఊపిరాడక పోయిండు. చిన్న వయసు."

"అయ్యో! మనోడేనా?"

ఉపేందర్ ఒక్క క్షణం ఆలోచించాడు. సాయంత్రం ఉపన్యాసంలో వాడుకోదగిన వాక్యం తోచింది. "గసొంటోళ్లందరు మనోళ్లే అనుకోవాలె."

చెప్పుల చప్పుడు వినిపించింది. ఎల్లన్న బయటికి వెళ్లాడు. తన మాటకు కదిలిపోయాడనుకుని ఉపేందర్ దూది కింద కళ్లు మూసుకున్నాడు.

అతను మరిచిపోయిన సంగతి ఇదీ. గనిలో మనిషి పోయినప్పుడు ఆ గ్రూపు ఫోటో నల్లబడుతుంది. ఇంటివాళ్లకు కబురు అందేదాకా ఎవరూ పేరు బయటపెట్టకూడదని అలా ఆనవాయితీ పెట్టారు. పెట్టింది ఉపేందరే. ఇప్పటిదాకా మూడుసార్లు నల్లబడింది. మూడుసార్లూ కాలనీలోకి అంబులెన్సు వచ్చింది.

ఇప్పుడు ఫస్టు షిఫ్టు నడుస్తోంది. కాలనీలో సగం ఇళ్ల మగవాళ్లు భూమి కింద ఉన్నారు. ఫోన్లు పైనే పెట్టి దిగుతారు. అడుగుదామంటే గ్రూపుకు తాళం. అడ్మిన్‌కు ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఆ సమయంలో ఎల్లన్న నలుగురికి ఫోను చేశాడు. "ఉపేందర్ సారు సొంతంగ చెప్పిండు. గాలాడక పోయిండట. చిన్న పిల్లగాడట. మనోడేనట."

ఆ నలుగురూ తలా పది మందికి చేశారు. గాలి ఆడకపోవడం రెండో లైనుకు వచ్చేసరికి గ్యాసు అయింది. మూడో లైనుకు చేరేసరికి ఒక్కడు కాస్తా ముగ్గురయ్యారు. కుక్కరు కూతల మధ్య ఒక్కొక్క పొయ్యీ ఆరిపోయింది. చిన్న వయసు అనగానే కనకవ్వ గుండె జారింది. ఆమె కొడుకు అంజికి ఇరవై ఆరేళ్లు. తండ్రి స్థానంలో ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. తండ్రి పోయినప్పుడే మొదటిసారి ఆ గ్రూపు నల్లబడింది.

కనకవ్వ కాళ్లకు చెప్పులు లేకుండా రోడ్డెక్కి, ఎదురొచ్చిన షేర్ ఆటోకు అడ్డంగా నిలబడింది.

*

పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఉపేందర్ ముఖం చురచురలాడింది. తర్వాత మండింది.

"ఎల్లన్నా! తుడువు!"

దూది తీసి చూశాడు. సెలూన్ ఖాళీ. చౌరస్తా ఖాళీ. చాయ్ బండి మీద పాలు పొంగి కారుతున్నాయి, దింపేవాడు లేడు. ఉపేందర్ తువ్వాలు కోసం తడుముకుంటుండగా సంతోషి, దీప పరుగున లోపలికి వచ్చారు.

"ఫోనెందుకు బంద్ వెట్టినవ్ నాన్నా? గని కాడికి ఉరుకుతున్నరు అందరు!"

"ఎందుకు?"

"నువ్వు గ్రూపు నల్లగ వెట్టినవు గదా!"

అప్పుడు గుర్తొచ్చింది. చొక్కా జేబులోంచి ఫోను తీసి ఆన్ చేశాడు. అది వణకడం మొదలుపెట్టి ఆగలేదు. రాయడానికి తెర మీద వేలు ఆనిస్తే ఒకదాని వెంట ఒకటి వచ్చే కాల్సు రాయనివ్వలేదు.

"రాసుడు తర్వాత. ముందు మనిషివి పోయి చెప్పు" అంది సంతోషి. పెళ్లయ్యాక ఆమె అతన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి.

*

గని గేటు ముందు మూడు వందల మందికి తక్కువ లేరు. కావలివాళ్లు గేటు మూసి గొలుసు వేశారు. లోపల మేనేజరు చేతులెత్తి ఏదో అరుస్తున్నాడు. "ఏం కాలేదమ్మా! అందరు మంచిగున్నరు!"

"పోయినసారి గిట్లనే అన్నరు!" కనకవ్వ గొలుసు పట్టుకుని ఊపింది. "నా కొడుకును సూపియ్యి. బతికున్నోన్ని సూపియ్యి!"

చివరికి మేనేజరు ఓడిపోయి షిఫ్టును మధ్యలో ఆపించాడు. మనుషులు పైకి రావడం మొదలైంది. నెత్తిన దీపాలు, ఒంటి నిండా బొగ్గు. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఒక్కొక్క తల్లీ, ఒక్కొక్క పెళ్లామూ కళ్లు చికిలించారు. అంజి వచ్చాడు. కనకవ్వ గొలుసు సందులోంచే వాడి చెంప పట్టుకుని భోరుమంది.

"ఏందవ్వా? ఎవలన్న పోయిన్రా?"

"నువ్వే పోయినవంటిరి గదరా!"

"ఎవలన్నరు?"

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. అందులోంచి ఉపేందర్ దిగాడు, వెనకే సంతోషి, దీప. అతను బనీను మీద ఉన్నాడు, చొక్కా చేతిలో ఉంది. చెవుల దాకా తెల్లటి పేస్టు. అటు బొగ్గు ముఖాలన్నీ ఒక్కసారి ఈ తెల్ల ముఖం వైపు తిరిగాయి.

"ఎవ్వలు పోలేదు!" అని అరిచాడు. "మన గనిల ఎవ్వలు పోలేదు! గది వేరే దేశంల... నల్లజాతి... సంఘీభావం..."

"ఏ దేశం?" అన్నాడు ఎల్లన్న.

ఉపేందర్ దీప వైపు చూశాడు. దీప నేల చూసింది.

"పేరేంది పోయినాయనది?" అంది కనకవ్వ. ఆమె ముక్కు చీదుకుని మామూలుగానే అడిగింది.

ఉపేందర్‌కు తెలియదు. ఉదయం సంతోషి అడిగినప్పుడూ తెలియదు. తర్వాత తెలుసుకోవాలని కూడా తోచలేదు. ముఖం భగభగ మండుతోంది. మందు వల్లనో, మరి దేని వల్లనో అతను తేల్చుకోలేకపోయాడు.

నవ్వులు మొదలయ్యాయి. ఊరట వల్ల వచ్చిన నవ్వులు. అంతటితో అయిపోయి ఉంటే ఈ కథ హాయిగా ముగిసేది. కానీ గ్రూపుకు తాళం ఉందిగా. ఇంతసేపూ గేటు దగ్గర కొత్త కబురు లేక, జనం పాత మెసేజీలు పైకి జరుపుకుంటూ చదివారు. ఇప్పుడు ఒక పడుచువాడు ఫోను పైకెత్తాడు.

"సారు, నల్లోళ్ల కోసం గింత బాధపడుతున్నరు గదా. మరి గిది మీరు పెట్టిందే గదా, పోయిన నెల?"

ఫోటోలో కాంట్రాక్టు కూలీలు నలుగురు గని గోడ నీడలో అన్నం తింటున్నారు. జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. అందులో ఒకడు కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. కింద ఉపేందర్ రాసిన మాట: "కరెంటు పోతే వీళ్లను దొరకవట్టాలంటే నవ్వుమనాలె." పక్కన పగలబడి నవ్వే బొమ్మలు. వాటి కింద గ్రూపు పెట్టిన మరిన్ని బొమ్మలు. ఫోను ఎత్తిన పడుచువాడు పెట్టినవి కూడా ఉన్నాయి. వాడు అది చూసుకున్నట్టు లేడు.

నవ్వులు ఆగిపోయాయి. జనంలో వెనక నిలబడిన ఒక ఆమె ముందుకొచ్చింది. ఫూల్‌మణి. ఆమె భర్త సోమ్రా ఇదే గనిలో బొగ్గును మోసే బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తే కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. ఆమె ఆ గ్రూపులో లేదు. పర్మినెంటు ఉద్యోగుల కుటుంబాలకు మాత్రమే అని అడ్మిన్ నిబంధన. జనం ఉరుకుతుంటే చూసి తానూ ఉరికొచ్చింది. ఎవరిని అడిగినా ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు.

ఆమెకు తెలుగు చదవడం రాదు. ఫోను దగ్గరికి తెచ్చుకుని చూడగానే ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"మంగల్! మా మరిది మంగల్, సాబ్! నవ్వుతుండు సూడు!"

ఆ ఫోటో తీసిన వారానికే మంగల్ క్వారీలో మట్టి లారీ కింద పడి పోయాడన్నది అక్కడున్న అందరికీ తెలుసు.

"మా దగ్గర గేటు పాసు ఫోటో ఒక్కటే ఉంది. అండ్ల నవ్వలేదు" అంది ఫూల్‌మణి. తర్వాత తెల్ల ముఖం మనిషి వైపు తిరిగి చేతులు జోడించింది. "మీరు తీసినారా సాబ్? బహుత్ మెహర్బానీ. నాకు పంపుతరా? వాళ్ల అమ్మకు పంపాలె."

కింద రాసిన మాట ఏమిటో ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది ఉపేందర్‌కు.

కనకవ్వ ఇప్పటిదాకా అంజి చేయి వదల్లేదు. "ఉపేందరూ," అంది నెమ్మదిగా. "ఈ ఫోటోల పిల్లగాడు పోయిన నాడు నీ గ్రూపు ఏ రంగుల ఉండె?"

సూర్యోదయం రంగులో ఉండింది. ఉపేందర్ చేతిలోని ఫోను వైపు చూశాడు. అక్కడున్న మిగతావాళ్లు కూడా తమ తమ ఫోన్ల వైపు చూసుకున్నారు.

*

సాయంత్రం ఎన్నికకు ఉపేందర్ వెళ్లలేదు. ముఖం మచ్చలు మచ్చలుగా ఎర్రబడింది. అందులో సగానికి సంతోషి కొబ్బరినూనె రాసింది. మిగతా సగం అద్దం చూసుకుని రాసుకొమ్మంది. రఘుపతి ఏకగ్రీవంగా కార్యదర్శి అయ్యాడు. చప్పట్లు ఇంటిదాకా వినిపించాయి.

ఉపేందర్ మంచం మీద కూర్చుని ఆ ఫోటో తెరిచాడు. కింది మాట కత్తిరించాడు. మంగల్ ముఖం పెద్దది చేశాడు. ముందు పళ్లలో ఒకటి కొద్దిగా వంకర. ఫోటో తీసిన రోజు అది కనపడలేదు.

"ఆమె నంబరు ఉన్నదా?" అన్నాడు.

"గని గేటు కాడనే తీస్కున్న" అంది దీప.

ఫోటో పంపాడు. "మంగల్" అని మాత్రం రాశాడు. ఇంకేదో రాయాలని చూసి, రాని భాషలో రాయలేక, వచ్చిన భాషలోనూ రాయలేక ఆగిపోయాడు. తర్వాత గ్రూపు తాళం తీసి, నల్లరంగు తీసేసి, అక్కడ ఆ నవ్వు ముఖం పెట్టాడు. కింద మంగల్ పేరు, పోయిన తేదీ రాశాడు. సంతోషి భుజం మీదుగా చూసింది.

చివరికి ఒక మెసేజ్ వచ్చింది. కార్యదర్శి హోదాలో రఘుపతి పెట్టిన మొదటి ప్రకటన అది. "అడ్మిన్ గారికి మనవి. మన గ్రూపు నియమాల్లో నాలుగోది: కాలనీకి సంబంధం లేనివారి ఫోటోలు పెట్టరాదు. దయచేసి తొలగించగలరు." దాని కింద బొటనవేళ్లు ఒక్కొక్కటే లేవసాగాయి.

ఆ నియమం రాసింది ఉపేందరే. రాసిన రోజు దాని కింద మొదటి బొటనవేలు కూడా అతనిదే.