అరగని రెక్కలు

ఇది తాతల కాలం ముచ్చట కాదు, మొన్నమొన్నటిదే. ఒక పెద్ద అడవిలో, గుట్ట నెత్తిన ఒక గాలిమర ఉండేది. అది తిరిగితే కింద వాగులోని నీళ్లు పైనున్న రాతితొట్టిలోకి ఎక్కేవి. వాననీరా, గుట్ట మీద నిలవదు, జారిపోతుంది. వాగులో దిగి తాగుదామంటే మొసలి కాచుకుని ఉంటుంది. అందుకే ఎండాకాలమంతా గుట్టమీది జనానికి ఆ తొట్టే దిక్కు.

గాలిమర శాఖకు అధికారి నెమలి. ఎందుకంటారా? అందరికంటే తోక పొడుగు. అంతకు మించిన అర్హత ఏం కావాలి!

ఆ ఏడు తొలివానకే వడగళ్లు పడ్డాయి. మరమ్మతులు చూసే కొండముచ్చు పైకెక్కి చూసి దిగింది.

“అయ్యగారూ, రెక్కల అంచులు గరుకు తేలాయి. అంత జోరుగా తిరిగేటప్పుడు వాన చినుకు కూడా గులకరాయిలాగే తగులుతుంది. ఇక వడగళ్ల సంగతి చెప్పాలా? కాస్త లక్క పూస్తే సరిపోతుంది. ఏటా పూయాల్సిందే అనుకోండి.”

“ఏటా అరుగుతుందని రాజుగారికి చెప్పమంటావా? నా తోక ఉంటుందా? ఈసారికి గుట్టుగా పూసెయ్. ఇకమీదట మబ్బు పట్టగానే రెక్కలు కట్టెయ్యండి!”

“మన అడవిలో గాలి వీచేదే మబ్బు పట్టినప్పుడు కదండీ!”

“గాలి మన శాఖ కిందికి రాదు,” అంది నెమలి.

ఇంకేముంది! మబ్బు పట్టడం, నెమలి పురి విప్పి ఆడడం, ఆడుతూనే “కట్టండి!” అని కేకెయ్యడం. మబ్బు తేలిపోయాక కట్లు విప్పేవాళ్లు. అప్పుడు ఆకైనా కదిలేది కాదు.

ఒక జింక వచ్చి మొత్తుకుంది. “అయ్యా, తొట్టి అడుగు కనబడుతోంది. నా బిడ్డకింకా సరిగ్గా పరిగెత్తడం రాదు. దాన్ని వాగుకెలా తీసుకెళ్లను?”

“రెక్కలు చూశావా తల్లీ, ఎలా మెరుస్తున్నాయో! కళ్లారా చూసుకుని వెళ్లు.”

చూసుకుంటే దాహం తీరుతుందా? నడి వేసవిలో తొట్టి ఎండిపోయింది. జింక బిడ్డతో వాగుకు దిగింది, ఒక్కతే ఎక్కి వచ్చింది. చెప్పడానికే నాకు నోరు రావడం లేదు.

ఆ వారమే సింహం తనిఖీకి వచ్చింది, తన తాగునీళ్లు తాను మోయించుకుని. కిందికి దించిన రెక్కను పంజాతో నిమిరి, “ఆహా, గీతైనా లేదే!” అని మురిసిపోయింది.

“రెక్కలు బాగానే ఉన్నాయి మహారాజా. తొట్టిలో నీళ్లేవి? నా బిడ్డేది?” అంది జింక.

“మాది రెక్కల శాఖ ప్రభూ, నీళ్లు వేరే శాఖ,” అంది నెమలి చప్పున.

సింహం గడ్డం గోక్కుంది. “నిజమే, నీళ్ల శాఖకు అధికారే లేడు. ఇంత జాగ్రత్తపరుడు మనకింకెవరున్నారు? నెమలిగారూ, రేపటి నుంచి నీళ్లు కూడా మీరే చూసుకోండి!”

అందరూ చప్పట్లు కొట్టారు. నెమలి మర్నాడే ఉత్తర్వు వేసింది: తొట్టిలోకి నీళ్లొస్తే ఎవరూ ముట్టరాదు, తాగితే తరిగిపోతాయి.

నీతి: పనిచేసేది అరుగుతుంది, పదోన్నతి అరగనిదానికే.