ఎత్తున తగిలించిన పట్టిక

కనీస వేతనాల పట్టికను గోడకు ఎంత ఎత్తున తగిలిస్తే పనివారికి అంత మేలు! ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. “రేపే ఇచ్చేస్తాం” అన్న నా కోటు కోసం మా వీధి కుట్టు దుకాణానికి మూడు వారాల పాటు పొద్దున్నే వెళ్లి, బల్ల మీద కూర్చుని, కారణాన్నీ ఫలితాన్నీ వరుసగా గమనించి అంటున్నాను.

ఆ పట్టిక పనివారికి కనబడేలా ఉండాలని చట్టం. దుకాణం యజమాని చట్టమంటే ప్రాణం పెట్టే మనిషి. దానికి బంగారు అంచు ఫ్రేము కట్టించి, ఫ్యాను రెక్కలకన్నా పైన, పైకప్పుకు జానెడు కింద తగిలించాడు. కనబడడం లేదని ఎవరనగలరు? ఫ్రేము దివ్యంగా కనబడుతోంది!

రోజంతా వంగి కుట్టే మెడలకు పైకి చూడడం ఉచిత వ్యాయామం. అదే పట్టిక అందుబాటులో ఉంటే చదువుతారు, చదివితే ఆలోచిస్తారు, ఆలోచిస్తే సూది వేల్లో దిగుతుంది! యజమాని అన్నవాడు ఇంతకన్నా ఏం బాధ్యత వహించగలడు?

అయితే ఎత్తున ఉన్నదానికి దుమ్ము పడుతుంది. దుమ్ము పడితే తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మొహం చిట్లిస్తాడు. చిట్లించాడు. కాబట్టి గుండీలు కుట్టే ఆవిడకు (దుకాణంలో అందరికీ గుండీలక్కే) పొడవాటి స్టూలూ తడిగుడ్డా అప్పగించి, రోజూ పని మొదలయ్యే ముందు అరగంట వచ్చి అద్దం తుడవమన్నాడు. ఆ అరగంట కోసం ఆవిడ కూతురికి జడైనా వేయకుండా పరుగెత్తుకొచ్చేది. ఆవిడకు చదువు వచ్చునన్న సంగతి మాత్రం యజమాని మరిచిపోయాడు.

ఆవిడ రోజుకొక పంక్తి తుడిచింది. పన్నెండో రోజున స్టూలు మీదినుంచే అడిగింది.

“అన్నా, పనివేళకు ముందు చేయించుకున్న పనికీ కూలి ఇవ్వాలని ఉందిక్కడ. మరి దీన్ని తుడిచే అరగంట అందులోకి వస్తుందా?”

“నిన్ను తుడవమన్నానమ్మా, చదవమన్నానా?”

“కళ్లు మూసుకుని తుడిస్తే కింద పడనూ! పడితే వైద్యం ఎవరు చేయించాలో కింది పంక్తిలో ఉన్నట్టుంది. అది రేపు తుడుస్తాలే.”

యజమాని రేపటిదాకా ఆగలేదు. ఆ పూటే అరగంటకు కూలి ఒప్పుకున్నాడు, గడిచిన రోజులతో సహా! నా సిద్ధాంతం రుజువైందా, లేదా? అదే కళ్లెదుట తగిలించి ఉంటే, పాత క్యాలెండరును చూసినట్టు చూసి ఊరుకునేవారు కారా?

న్యాయం గెలవడం కళ్లారా చూసిన ఉత్సాహంతో ఇంటికొచ్చి, పదకొండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆవిడకు ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. రోజూ ఆరింటికే వచ్చి, నేను లేచి తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంటుంది. ఎంతో ఓర్పు గల మనిషి. అంతా విని, వంటింటి స్టూలు లాక్కొచ్చి హాల్లో వేసుకుని ఎక్కింది. పైకప్పు కింద బోసిగోడను ఈ మూలనుంచి ఆ మూలదాకా నిదానంగా తుడవసాగింది.

“అక్కడేముందే? ఏమీ లేదుగా!” అన్నాను.

“అదే చూస్తున్నానమ్మగారూ,” అంది.