దేవకృప పెద్దమ్మ ఉపవాసం

"నేరస్తులు రెండు రకాలు తిరుమల్. నేను పట్టుకున్నోళ్లు, నేను పట్టుకోబోయేటోళ్లు. మూడో రకం ఈ భూమ్మీద పుట్టలే."

పద్మారావు నగర్‌లోని తిరుమల్ ఫ్యాన్ల రిపేరు దుకాణంలో, ఊడదీసిన టేబుల్ ఫ్యాను మీద చెయ్యి వేసి సైలస్ ఈ ప్రకటన చేశాడు. సైలస్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వదిలాక, కొన్నిసార్లు వదలకముందే, డిటెక్టివు. ఇంతవరకూ అతను పట్టుకున్నవాడు ఒక్కడే. బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గర శవాన్ని మూటగట్టి మోసుకుపోతున్నాడని ఒక మనిషి కాలర్ పట్టుకున్నాడు. మూట విప్పితే పెళ్లి ఫొటోగ్రాఫరు గొడుగులూ లైట్లూ బయటపడ్డాయి. పెళ్లివాళ్లు పెట్టిన తిట్లలో సగం పక్కన నిలబడ్డ తిరుమల్ వాటాకు వచ్చాయి. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పాపం ఊరికే పోతుందా?

ఈసారి కేసు సైలస్ సొంత పెద్దమ్మ దేవకృపది. రిటైరైన టీచరమ్మ, చర్చిలో స్త్రీల మైత్రికి అధ్యక్షురాలు, పేకముక్క ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియని మనిషి. ఆవిడ బొల్లారంలో ఉపవాస కూడిక ఉందని, శని ఆదివారాలు ఇంట్లో ఉండనని చెప్పింది. అయితే ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టమని ఆవిడే ఫోనిస్తే, అందులో గోవా పోయే వాస్కో రైలు టికెట్టు సైలస్ కంటపడింది. పైగా ఆవిడ కొత్తగా నల్ల కళ్లద్దాలు కొన్నది, అరిసెలు కట్టించుకున్నది.

"ఉపవాసం పోయే మనిషికి అరిసెలెందుకు?" అన్నాడు సైలస్ గొంతు తగ్గించి. "పణజి కాసినో ముఠా మా పెద్దమ్మను వలలో వేస్కుంది. నెత్తుటి చక్రం తిరుగుడు షురూ అయ్యింది."

తిరుమల్ గుండె గుభేలుమంది. పెద్దమ్మ కోసం కాదు. అదే వారం, అదే రైలుకు, అదే పణజికి అతను భార్య రజితను తీసుకుపోతున్నాడు. పోర్చుగీసువాళ్లు కట్టిన రంగురంగుల ఇళ్ల వీధుల్ని ఫోన్‌లో చూపించి ఎన్నాళ్లనుంచో అడుగుతోంది. ఇంతకుముందు అరకు టికెట్లు ఒక కేసు కింద మురిగిపోయాయి. నాగార్జునసాగరం ఇంకో కేసులో మునిగిపోయింది.

"జంటగా పోయేటోళ్ల మీద ఎవ్వనికీ అనుమానం రాదు," అన్నాడు సైలస్. "మీరిద్దరు నాకు పరదా."

రజిత తిట్టలేదు. తిట్టి ఉంటే తిరుమల్ స్థిమితంగా ఉండేవాడు. స్టేషన్లో రైలెక్కే ముందు మాత్రం ఒక్క మాట చెప్పింది. "ఈ రెండు దినాలు నువ్వు నాతోని ఉంటె ఉన్నట్టు. లేకుంటె ఇగ ఎక్కడికీ తీస్కపొమ్మని నిన్ను అడగ. ఎన్నడూ అడగ."

పెళ్లానికి కోపమొస్తే ఏం చెయ్యాలో తిరుమల్‌కి తెలుసు. ఆవిడ అడగడమే మానేస్తే ఏం చెయ్యాలో తెలియదు. రాత్రంతా పై బెర్తు మీద నిద్రపట్టక దొర్లాడు.

శనివారం పొద్దున పణజి పాతబస్తీ వీధిలో, నీలం గోడ ఇంటి బాల్కనీ కింద రజిత నిలబడింది. కొంగు సర్దుకుని నవ్వింది. తిరుమల్ ఫోన్ పైకెత్తాడో లేదో, గడ్డిటోపీ పెట్టుకున్న సైలస్ వెనకనుంచి వచ్చి జబ్బ పట్టుకున్నాడు. నల్లద్దాలు, నల్లగొడుగు చర్చి దిక్కు పోతున్నాయట.

"ఒక్క ఫొటో దిగనియ్యరా," అన్నాడు తిరుమల్.

"ఇల్లు రేపు గూడ ఉంటది. నేరస్తుడు ఉండడు."

అయిదు నిమిషాల్లో వస్తానని రజితకు చెప్పి తిరుమల్ నడిచాడు. ఆ అయిదు నిమిషాలు పొద్దుగూకేదాకా సాగాయి. నల్లగొడుగు వెంట వాళ్లు తెల్లటి చర్చి మెట్లన్నీ ఎక్కారు, అన్నీ దిగారు, బేకరీల ముందు నక్కారు, ఆల్చిప్పలు పొదిగిన కిటికీల కింద వంగి నడిచారు. గొడుగుపట్టిన మనిషి మధ్యమధ్య ఆగి గోడలవైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్తోంది. అది ముఠా సంకేత భాష అని సైలస్ తేల్చాడు. చివరికి తెలిసిందేమంటే ఆవిడ టూరిస్టు గైడు, ఆ భాష మరాఠీ. రజిత చూడాలనుకున్న వీధులన్నీ రజిత లేకుండా తానొక్కడే చూశానని తిరుమల్‌కి అప్పుడు తట్టింది.

లాడ్జికి వస్తే గది తాళం వేసి ఉంది. మేడమ్ ఎవరితోనో బయటికి వెళ్లారని కౌంటరు మనిషి చెప్పాడు. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

"కిడ్నాప్," అన్నాడు సైలస్. "ముఠా పరదా చింపేసింది. ఇద్దరు ఆడోళ్లు ఒక్క చోటనే బందీలు. కాసినో ఓడ మీద."

తిరుమల్‌కి అంతకన్నా పెద్ద భయం ఉంది. రజితను ఎవరూ ఎత్తుకుపోలేదు, తనంతట తానే పోయింది. ఇక అడగదు.

మాండవి నది మీద కాసినో ఓడలు పెళ్లిపందిళ్లలా వెలుగుతున్నాయి. గేటు దగ్గర సైలస్ నిక్కరు చూసి లోపలికి పంపేది లేదన్నారు. రోడ్డు పక్క కొట్లో కొన్న ప్యాంటులో ఇద్దరు సైలస్‌లు పట్టేట్టున్నారు. బెల్టు లేదు. అందుచేత ఆ మహా డిటెక్టివు ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో మాత్రమే పరిశోధన చేస్తూ ఓడ ఎక్కాడు.

లోపల కిటికీ లేదు, గడియారం లేదు. సైలస్ స్తంభాల చాటున దాక్కుంటూ, ముక్కలు పంచే ప్రతి కుర్రాణ్ణీ ముఠా నాయకుడని గుర్తించాడు. తిరుమల్ మాత్రం కనిపించిన ప్రతి ఆడమనిషి ముఖమూ చూశాడు. ఎక్కడా రజిత లేదు. కింది అంతస్తు, పై అంతస్తు అయ్యాయి. భోజనాల దగ్గరికి వచ్చేసరికి సైలస్ ఆగాడు. ఆకలి మీదున్న మేధస్సు పనిచెయ్యదట.

ప్లేటు గోపురంలా నింపి బల్ల మీద పెట్టాడు. చిన్నప్పటి అలవాటు. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు.

సైలస్‌కి చిన్న ప్రార్థన రాదు. అన్నంతో మొదలుపెట్టి వండిన చేతుల్ని, పండించిన రైతుల్ని, రోగుల్ని, దేశ నాయకుల్ని, నీళ్ల మీద ప్రయాణించే వారినందరినీ వరుసగా అప్పగించాడు. జోడించిన చేతులు నడుము మీద లేవు గనుక ప్యాంటు తన దారి తాను చూసుకుంది. తిరుమల్ ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో స్నేహితుడి ప్యాంటు పట్టుకుని ఓడలోని జనం వైపు దీనంగా నవ్వాడు.

"యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ," అని సైలస్ గట్టిగా ముగించాడు.

"ఆమెన్," అంది వెనకనుంచి ఒక గొంతు.

తెలుగు క్రైస్తవ సంఘంలో పెరిగిన మనిషి గాఢనిద్రలో ఉన్నా ఆ మాట చెవిన పడితే నోరు దానంతటదే ఆమెన్ అంటుంది. తుమ్మునైనా ఆపుకోవచ్చు గానీ దాన్ని ఆపుకోలేరు. భోజనాల గదిని ఆనుకుని ఉన్న చక్రం తిప్పే బల్ల దగ్గర, నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, దేవకృప పెద్దమ్మ అప్పుడే కళ్లు తెరుస్తోంది. ఆవిడ పక్క కుర్చీలో రజిత అరిసె తింటోంది.

"కేసు తేలింది," అన్నాడు సైలస్ ప్యాంటు పైకి లాక్కుంటూ.

పెద్దమ్మ తడబడలేదు. చర్చి కోత పండుగలో తంబోలా నంబర్లు పిలిచేది ఏళ్ల తరబడి తనేనని, అసలు జూదాన్ని చచ్చేలోపు ఒక్కసారి కళ్లారా చూడాలనిపించిందని చెప్పింది.

"చూశాను. ఈ పిలిచేవాడికి గొంతే లేదురా. ఒక్కసారి ఆడాను కూడాను. పోయింది. పోయాక ప్రాణం నిమ్మళించింది. గెలిచుంటే ఆ సంగతి దేవుడికి ఏమని చెప్పుకోను?" అని సైలస్‌ని ఎగాదిగా చూసింది. "సరే గానీ, నువ్వు నీ భార్య క్యారల్‌తో ఏం చెప్పి వచ్చావురా?"

సైలస్ నేల చూశాడు. "బొల్లారం అని చెప్పిన పెద్దమ్మా. ఉపవాస కూడిక."

తిరుమల్‌కి ఇవేవీ వినబడటం లేదు. పొద్దున బాల్కనీ కింద ఒంటరిగా నిలబడ్డ తనను చూసి పెద్దమ్మే పలకరించి ఫొటో తీసిందని, రోజంతా ఇద్దరూ కలిసి తిరిగారని రజిత మామూలుగా చెప్పింది. ఫోన్ చేతికిచ్చింది. నీలం గోడ, ఎర్ర గోడ, చర్చి మెట్లు. ప్రతి ఫొటోలోనూ రజిత పగలబడి నవ్వుతోంది. తన పక్కన అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో తిరుమల్‌కి గుర్తురాలేదు. సిగ్గేసింది.

"రేపు నేను గూడ రావొచ్చునా?" అని అడిగాడు. పెళ్లయ్యాక ఆవిణ్ణి ఏదైనా అడగడం అదే మొదలు.

రజిత చెయ్యి చాపింది. "నీ ఫోన్ ఇయ్యి," అంది.

ఆదివారం పొద్దున పెద్దమ్మ సైలస్‌ని వెంటబెట్టుకుని చర్చికి పోయింది. తిరుమల్, రజిత పసుపుపచ్చ గోడల సందులోకి మళ్లారో లేదో, రజిత చేతిసంచిలో తిరుమల్ ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. అది సైలస్ కాక ఇంకెవరు?

"కానుకల సంచి మాయమైందేమో," అంది రజిత. "ఎత్తుతవా?"

తిరుమల్ సంచి వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

"జెర ఇటు జరుగు," అన్నాడు. "ఎండ మొకం మీద పడ్తున్నది. ఫొటో మంచిగ రాదు."