గుంజ జరిగింది, సముద్రం ఆగింది

ఒక పెద్ద అడవిలో సగం చెట్లు నీళ్లలోనే నిలబడి ఉండేవి. సముద్రం పక్కనే పెరిగిన మడ అడవి అది.

ఒడ్డున ఎర్రగుడ్డ కట్టిన గుంజ ఒకటి ఉండేది. నీళ్లు ఆ గుంజ దాటిన రోజున, ఒడ్డు జంతువులన్నింటికీ వెనకనున్న ఎత్తు దిబ్బ మీద అడవి పంచాయతీ చోటు చూపించాలి. అది పాత చట్టం.

దిబ్బ మీద అప్పటికి ఒక్కటే ఇల్లు. అది పంచాయతీ అధ్యక్షుడు అడవిపంది వరాహమూర్తిది. ఇంటి చుట్టూ ఆయన ముచ్చటపడి తవ్వించుకున్న బురదగుంటలు ఏడు.

ఒకరోజు పోలమ్మ అనే పీత పిల్లల్ని వీపు మీద వేసుకుని, ఒడ్డుకీ దిబ్బకీ మధ్యనున్న పంచాయతీ ఆఫీసుకొచ్చింది.

"అయ్యగోరూ, పొద్దుట పోటుకి నీళ్లు గుంజ దాటేశాయండి. మా బొరియ మునిగిపోయింది. దిబ్బ మీద కాస్త చోటిప్పించండి."

వరాహమూర్తికి తన బురదగుంటలు గుర్తొచ్చాయి. అడవంతా దిబ్బెక్కితే తను పొర్లేదెక్కడ?

"ఇన్ని ఇళ్లు కదపడమంటే మాటలా?" అన్నాడు పక్కనున్న సెక్రటరీ వైపు చూస్తూ.

సెక్రటరీ కొంగ, పేరు శ్వేతాంబరం, ఒంటికాలి మీద నిలబడి ఆలోచించాడు.

"ఇళ్లెందుకండీ, గుంజని కదిపితే పోలా?"

ఆ సాయంత్రమే గుంజని పీకి పదడుగులు వెనక పాతారు. 'సముద్రం గుంజకు పదడుగుల దూరంలో వినయంగా ఆగినది' అని శ్వేతాంబరం రాసేశాడు. సముద్రానికి సన్మానం కూడా చేశారు. ఒడ్డున శాలువా పరిస్తే అలొచ్చి లాక్కుపోయింది. 'స్వీకరించినది' అని రాసుకున్నాడు.

నెల తిరిగేసరికి నీళ్లు మళ్లీ వచ్చాయి. గుంజ మళ్లీ జరిగింది. పోలమ్మ మళ్లీ ఆఫీసుకొచ్చింది.

"చూడమ్మా," అన్నాడు శ్వేతాంబరం, "గుంజకి అవతల ఉన్నవాళ్లంతా సముద్రవాసులు. నీ అర్జీ చేపల పంచాయతీకి పెట్టుకోవాలి."

పోలమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "పుట్టిన కాడినుంచీ మీకు ఓట్లేశానండీ. ఇప్పుడు నన్ను చేపనంటారా?"

శ్వేతాంబరం అర్జీ వెనక్కి తోసేశాడు. పోలమ్మ ఒడ్డుకొచ్చి చాలాసేపు ఏడ్చింది. తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని దిబ్బ మొదట్లోకి వెళ్లింది. మడచెట్ల నుంచి రాలిపడిన కాయల్ని ఒక్కొక్కటే తెచ్చి, మొలకెత్తేలా బురదలో గుచ్చింది. దిబ్బ వాలులో కొత్త బొరియ తవ్వింది. అది చూసి మిగతా పీతలొచ్చాయి. తర్వాత నీటికుక్కలు, ఆ తర్వాత జింకలు వచ్చాయి.

వరాహమూర్తి మండిపడ్డాడు. "వీళ్లు మొక్కలు నాటడం లేదు, జనంలో భయం నాటుతున్నారు! పొండి ఇక్కణ్ణుంచి!"

పీతలు వినయంగా పక్కకి నడిచి, ఆ పక్కన తవ్వుకున్నాయి. మళ్లీ పొమ్మంటే మళ్లీ పక్కకే నడిచాయి. నెల్లాళ్లు తరిమేసరికి దిబ్బ చుట్టూ బొరియలు పడ్డాయి. అధ్యక్షుడికి ఆయాసమొచ్చి ఊరుకున్నాడు.

రెండేళ్లు గడిచాయి. మొక్కలు జింక మెడ ఎత్తు పెరిగాయి. గుంజ జరుగుతూ జరుగుతూ పంచాయతీ ఆఫీసులోకే వచ్చి, అధ్యక్షుడి కుర్చీ వెనక నిలబడింది.

కార్తీకమాసంలో ఒక పొద్దుట నీళ్ల రంగు మారింది. పోలమ్మ గుమ్మం గుమ్మానికీ తిరిగి అందర్నీ దిబ్బెక్కించింది. ఆఖరికి ఆఫీసుకీ వెళ్లింది.

"అయ్యగోరూ, తుఫానొచ్చేస్తోంది, లెగండి!"

"ఇవాళ సముద్రం గుంజ దాటని రెండో వార్షికోత్సవం," అన్నాడు వరాహమూర్తి దండ సవరించుకుంటూ. "ఉపన్యాసం అయ్యాక చూద్దాం."

సభకొచ్చినవాడు శ్వేతాంబరం ఒక్కడే. 'సభకు నమస్కారం' అనగానే అల వచ్చి తలుపు పీక్కుపోయింది.

"స్థల పరిశీలనకి వెళ్తున్నానండీ!" అని శ్వేతాంబరం ఎగిరిపోయాడు.

రెండో అలకి ఆఫీసే లేచిపోయింది. వరాహమూర్తి గుంజని వాటేసుకుని, కుయ్యోమంటూ కొట్టుకొచ్చి దిబ్బ కింద మడమొక్కల్లో ఇరుక్కున్నాడు. మొక్కలు అల జోరు విరవకపోతే ఆయన ఏ లోతుల్లో తేలేవాడో. పోలమ్మా, మరో నలభై పీతలూ దిగి, చెవులూ తోకా పట్టుకుని పైకి లాగారు.

"అమ్మో, కొరకొద్దే!"

"కొరకడం కాదండీ, పట్టుకోవడం. మాకున్న చేతులివే."

తుఫాను తెరిపిచ్చింది. ఒక్క ప్రాణం పోలేదు. శ్వేతాంబరం తిరిగొచ్చి, 'అధ్యక్షులవారు స్వయంగా నీటిలో దిగి సముద్రమును అడ్డుకొనిరి' అని రాయబోయాడు. పోలమ్మ కాగితం అందుకుని ముక్కలు ముక్కలుగా కత్తిరించేసింది.

ఎన్నికలు పెట్టారు. పోలమ్మ ఒకే ఒక్క షరతు పెట్టించింది: గెలిచినవాళ్లు సముద్రానికి అందరికంటే దగ్గరగా కాపురముండాలి.

వరాహమూర్తికి ఆరోగ్యం బాగోలేదు. శ్వేతాంబరానికి వలస వెళ్లే పని పడింది. నామినేషన్ వేసింది పోలమ్మ ఒక్కతే.

నీతి: సముద్రం ఎక్కడిదాకా వస్తుందో తెలియాలంటే అలల్ని చూడనక్కర్లేదు, అధ్యక్షుడి ఇల్లు ఎక్కడుందో చూస్తే చాలు.