బిస్కెట్టు కరకర

ఆ గురువారం పొద్దున ఆర్విల్ టటిల్ పెట్టుకున్న పని ఒక్కటే. రేడియో స్టేషనుకు వెళ్లే దారిలో సెలెరీ అనే పచ్చి కాడల కూర ఒక కట్ట కొనాలి. హాలీవుడ్ నుంచి వారం వారం వచ్చే హోమర్ క్విగ్లీ నవ్వుల షోకి చప్పుళ్లన్నీ అతనివే. అతను కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం పరిగెత్తేది, మొక్కజొన్న పిండి సంచి పిసికితే మంచులో మనిషి నడిచేవాడు. సెలెరీ కాడ విరిస్తే బ్రాడ్‌ఫుట్ బిస్కెట్టు కరకరలాడేది.

ఈ చివరిది మాత్రం రహస్యం. ఆ షోకి డబ్బు పెట్టేదే బ్రాడ్‌ఫుట్ బిస్కెట్ల కంపెనీ. 'కొరికితే ఊరంతా వినాలి' అని వాళ్ల ప్రకటన. నిజానికి ఆ బిస్కెట్టు కొరికితే కొరికినవాడికే వినపడదు. నానబెట్టిన అట్టముక్క నయం. అందుకని మూడేళ్లుగా మైకు ముందు క్విగ్లీ దవడలు ఆడించడం, తెర వెనక ఆర్విల్ కాడ విరవడం జరిగిపోతోంది.

"ఇవాళ కంపెనీ యజమాని బ్రాడ్‌ఫుట్ గారే వస్తున్నారటగా," అంది భార్య హాటీ, కాఫీ పోస్తూ. నెలలు నిండిన మనిషి. "ఆయన కంట్లో పడకండి. ఇప్పుడు ఉద్యోగం ఊడిందంటే పుట్టబోయే బిడ్డకి మీ కొబ్బరి చిప్పలతోనే పాలు పట్టాలి."

"తెర వెనక మనిషిని. నన్నెవరు చూస్తారే," అన్నాడు ఆర్విల్.

సెలెరీ కొన్నాడు, స్టూడియోలో తన బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే ఒహాయో నుంచి దిగిన బ్రాడ్‌ఫుట్ దంపతులు లోపలికి వచ్చారు. ఒళ్లు తగ్గాలని పచ్చికూరలు తప్ప ముట్టని మిసెస్ బ్రాడ్‌ఫుట్‌కు ఆ కట్ట కనబడింది. తన కోసమే తెప్పించారనుకుంది పాపం. ఆర్విల్ తిరిగి వచ్చేసరికి ఆకులే మిగిలాయి. షో మొదలైపోతోంది.

ప్రకటన వేళ వచ్చింది. క్విగ్లీ బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నాడు. గోడ కూలే చప్పుడు కోసం దాచుకున్న నారింజ పండ్ల పెట్టె ఒకటి ఆర్విల్ చేతికి దొరికింది. అందులోంచి ఒక చెక్క పీకి మెల్లగా వంచాడు. అది మెల్లగా విరిగే రకం కాదు. ఫెళ్లుమంది.

క్విగ్లీ బుగ్గ పట్టుకున్నాడు. "ఈ బిస్కెట్టు తినాలంటే ముందు వడ్రంగిని పిలవాలయ్యా," అన్నాడు.

హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ముందు వరసలో బ్రాడ్‌ఫుట్ ముఖం ఎర్రబడిపోయింది. షో అవ్వగానే ఆయన వేదిక ఎక్కడం చూసి ఆర్విల్ టోపీ అందుకున్నాడు.

"నవ్వలేక చచ్చాననుకో," అన్నాడు బ్రాడ్‌ఫుట్, క్విగ్లీ వీపు చరుస్తూ. "నా బిస్కెట్టుకి ఇంత సత్తా ఉందని నాకే తెలీదు. టైము తేడా వల్ల పడమటి తీరం వాళ్లకి ఇదే షో రాత్రి మళ్లీ ఆడతారుగా? అప్పుడు నేనే కొరుకుతాను."

కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక ఆయన తన బిస్కెట్టును ముట్టనేలేదు, అదెంత మెత్తనో ఆయనకి తెలీదు.

"ఆయన నోట్లో మెత్తగా దిగుతుంది, నువ్వేమో ఫెళ్లుమనిపిస్తావు. చంటిపిల్లాడైనా కనిపెట్టేస్తాడు," అని క్విగ్లీ ఆర్విల్ చెవిలో గొణిగాడు. "ఏదో ఒకటి చెయ్యి బాబూ."

ఆర్విల్ బిస్కెట్ల పెట్టె చంకన పెట్టుకుని ఎదురుగా ఉన్న హోటలుకు పరిగెత్తాడు. వీటిని పొయ్యిలో కాల్చి గట్టిపరచమని వంటవాణ్ని బతిమాలాడు.

"ఎంతసేపు కాల్చమంటావు?"

"చప్పుడొచ్చేదాకా."

వంటవాడు మాట మీద నిలబడే మనిషి.

రాత్రి షోలో బ్రాడ్‌ఫుట్ మైకు ముందు నిలబడి, దర్జాగా బిస్కెట్టు కొరికాడు. ఫెళ్లుమంది. తెర వెనక ఆర్విల్ తన చేతిలో చెక్క చూసుకున్నాడు. అది ఇంకా విరగలేదు.

"ఈసారి వడ్రంగి చాలడు, తాపీ మేస్త్రీ కావాలి," అన్నాడు క్విగ్లీ. బ్రాడ్‌ఫుట్ విరిగిన కట్టుడు పళ్లు దోసిట్లోకి ఊశాడు. అదీ నాటకంలో భాగమే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తరవాత ఆయన నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తెర వెనక్కి వచ్చాడు. "వీటిని రాయి చేసిందెవడు?"

"నేనేనండీ," అన్నాడు ఆర్విల్. ఇక దాచి లాభం లేదనిపించింది. "మీ బిస్కెట్టు చప్పుడు చెయ్యదండీ. మూడేళ్లుగా చేసింది సెలెరీ కాడండీ."

బ్రాడ్‌ఫుట్ భార్య వైపు తిరిగాడు. "అంటే మధ్యాహ్నం నువ్వు నమిలేసింది మన ప్రకటననా?"

"రుచిగానే ఉంది," అందావిడ.

ఆర్విల్ టోపీ పెట్టుకున్నాడు. "వెళ్లొస్తానండీ."

"ఎక్కడికి? ఇంకో కంపెనీ బిస్కెట్టుకి ఈ చప్పుడు అమ్ముకోవడానికా?" అన్నాడు బ్రాడ్‌ఫుట్. "కదిలావంటే కోర్టుకీడుస్తాను. నా సరుకులో కరకరలాడేది నువ్వొక్కడివే."

ఆ వారంలోనే హాటీకి ఆడపిల్ల పుట్టింది. బ్రాడ్‌ఫుట్ గారు కానుకగా పెట్టెడు బిస్కెట్లు పంపారు. కొన్నాళ్లకు వాటిని పాలలో ముంచకుండానే ఇష్టంగా తిన్నది ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. అప్పటికి ఇంకా పళ్లు రాలేదు.