గుట్ట మీద టేకువనం

"రాష్ట్రంలో ఇక కలప కరువు లేదు!" అని అటవీ మంత్రిగారు రఘునాథపల్లి సభలో ప్రకటించారు. ఆ మాటకు మైకు సైతం పులకించి కీచుమంది. నాలుగేళ్ల కిందట ఊరవతలి గుట్ట మీద తాము నాటించిన టేకువనం ఆకాశాన్ని తాకుతోందట. రేపు హెలికాప్టర్లోంచి చూసి, దాన్ని పెంచిన ఊరి వన సమితి అధ్యక్షుడు రాజేశ్వర్ రావును అటవీ కార్పొరేషన్ ఛైర్మన్ చేస్తారట.

అందరూ చప్పట్లు కొట్టారు. రాజేశ్వర్ రావు మాత్రం కొట్టబోయి ఆగిపోయాడు. జెండాలు మోసి, ముగ్గురు మంత్రుల చెప్పులకు కాపలా కాసిన మహానుభావుడు. తీరా కుర్చీ దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చి పడింది. టేకువనం రిపోర్టులో ఉంది గానీ గుట్ట మీద లేదు. నాటిన మొక్కల్ని వారం తిరక్కుండానే గాలి పీక్కుపోయింది. ఆ రాళ్లలో, ఆ ఈదురుగాలిలో బోదగడ్డి, పరికికంప, చిట్టీత పొదలు తప్ప ఏవీ బతకవు. అవైనా తాతలనాటివే, మోకాలెత్తు దాటవు. తలెత్తితే గాలి ఊరుకోదని తెలిసి నేలను కరుచుకుని ఉంటాయి. పార్టీలో చేరితే ఎంతో పైకొచ్చేవి.

"హెలికాప్టరంటె మన నసీబు సార్," అన్నాడు రేంజర్ సారంగపాణి. "మీదికెళ్లి చూస్తె పొదైనా చెట్టైనా ఒక్కతీర్గనే కనవడ్తది. పక్కన మనిషి నిలవడకుంటె చాలు."

నిలబడే మనిషి ఒకతే ఉంది. ఏటా గుడిసె కప్పుకు బోద కోసుకునే మల్లవ్వ.

"ఇల్లు ఉరుస్తది దొరా. వానలకు ముందే కప్పుకోవాలె."

"జర ఆగవే! చెట్ల కన్న నువ్వే పొడుగు కనవడ్తవ్," అని రాజేశ్వర్ రావు గుట్ట చుట్టూ కాపలా పెట్టించాడు.

మంత్రిగారు పైనుంచి చూశారు. "ఎంత చిక్కటి అడవి!" అని కళ్లు తుడుచుకున్నారు. మర్నాడే ఛైర్మన్ ఆర్డరొచ్చింది. ఆ వెనకే మంత్రిగారి ఫోనొచ్చింది. "పార్టీ భవనానికి తలుపులు కావాలి ఛైర్మన్ గారూ. మీ టేకు కొట్టించండి."

కుర్చీలో సరిగా కూర్చోనైనా లేదు పాపం. బాగా ఆలోచించి, టేకువనం చోరీ అయిందని పోలీసులకు రిపోర్టిచ్చాడు. చోరీ అన్నాక దొంగ కావాలి. కొడవలితో గుట్టెక్కేది మల్లవ్వే కాబట్టి ఆమెను పట్టుకొచ్చారు. ఈలోగా వానలు మొదలై ఆమె ఇల్లు చెరువైంది.

విచారణకు మంత్రిగారే దయచేశారు. "అడవంతా నువ్వే కోశావా?"

మల్లవ్వ రాజేశ్వర్ రావును కిందికీ మీదికీ చూసింది. ఒళ్లు మండిపోతోంది ఆమెకు.

"కోసిన సారూ. గంత కట్టె నేనొక్కదాన్నే మోస్తనా? ఛైర్మన్ దొరనే లారీలు పెట్టి ఎత్తుకపోయిండు."

కాదనాలంటే అసలు వనమే లేదనాలి. వనం లేదంటే మంత్రిగారు కంటతడి పెట్టింది గడ్డిని చూసి అవుతుంది. రాజేశ్వర్ రావు చేతులు జోడించాడు.

"అవును సార్. నేనే ఎత్తుకపోయిన."

మంత్రిగారు మల్లవ్వను వదిలేయమని చెప్పి, అందరినీ బయటికి పంపి తలుపేయించారు. కాళ్ల మీద పడబోయిన రాజేశ్వర్ రావును లేవనెత్తి, పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

"గుట్టంత అడవిని ఆకు రాలకుండా మాయం చేశావు. నిన్ను ఉత్త ఛైర్మన్‌గా ఉంచడం నా తప్పేనయ్యా. వచ్చే ఎలక్షన్లలో టికెట్ నీదే."

రాజేశ్వర్ రావుకు ప్రాణం లేచొచ్చింది. మంత్రిగారు ఆప్యాయంగా ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"మరి నా సగం ఎక్కడ దించావు?"