నాలుగున్నర అడుగుల పందెం

అమెరికాలోని మినెసోటాలో సొంత ఇంటి కరెంటు పని ఇంటాయనే చేసుకోవచ్చు. చట్టం అందరికీ ఇచ్చిన ఈ వెసులుబాటును ఆర్విడ్ తన తెలివికి దక్కిన బిరుదనుకున్నాడు. నేలమాళిగలో గది కట్టి, పెద్ద టీవీ పెట్టి, చలికాలమంతా హాకీ చూడాలని అతని కోరిక. అదే గదిలో స్నేహితురాళ్ళతో బొంతలు కుట్టుకోవాలని భార్య మార్లిస్ కోరిక. కరెంటు ఇన్‌స్పెక్టర్ తనిఖీ మొదటిసారే గట్టెక్కితే గది ఆయనది, లేకపోతే ఆవిడది అని పందెం వేసుకున్నారు.

తనిఖీకి ముందురోజు మార్లిస్ కిందికి దిగి చూసింది.

"కేబుళ్ళు ఉట్టిలా వేలాడుతున్నాయేమిటి? నాలుగున్నర అడుగులకో క్లిప్పు కొట్టాలని రూల్సు పుస్తకంలో ఉంది. స్విచ్చి పెట్టె దగ్గరైతే అడుగులోపే."

"ఆ పుస్తకం రాసినవాడికి మోకాళ్ళ నొప్పులు లేవే."

"స్విచ్చికెళ్ళే ఆ తెల్ల తీగలో కరెంటుంటుంది కదా, నల్ల టేపు చుట్టలేదే?"

"కరెంటుందని నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?"

"నీ తర్వాత స్విచ్చి విప్పేవాడికి. తెల్ల తీగలో కరెంటుండదనుకుని ముట్టుకుంటాడు. వాడు బతకొద్దూ?"

ఆర్విడ్‌కు ఓ ఉపాయం తోచింది. మార్లిస్ చర్చిలో కాఫీకి వెళ్ళగానే తీగలు కనబడకుండా గోడలన్నిటికీ జిప్సం బోర్డులు బిగించేశాడు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా అంత నిశ్చింతగా ఉండదు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ లవర్న్ వచ్చి బోర్డు మీద వేలితో కొట్టింది.

"నేను చూడకముందే మూసేశారేమండీ?"

"చలిగాలండీ. లోపలంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది."

"అయితే విప్పండి. లేదా మూసేముందు తీసిన ఫోటోలుంటే చూపించండి."

అంతలో మెట్ల మీద నుంచి మార్లిస్ మెల్లగా అంది, "మా అక్కకు పంపిద్దామని నిన్న కిందికి దిగినప్పుడు మూడు తీశాను."

"చూశారా, మా ఆవిడ దేవత," అంటూ ఆర్విడ్ ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని, తాను చూడకుండానే ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు.

మొదటి ఫోటోలో వేలాడే కేబుల్ మీద ఆర్విడ్ మేజోళ్ళు మూడు జతలు ఆరుతున్నాయి. రెండోదాంట్లో టేపు లేని తెల్ల తీగ. మూడోదాంట్లో సీలు విప్పని క్లిప్పుల డబ్బా మీద కూర్చుని ఆర్విడ్ నవ్వుతున్నాడు.

లవర్న్ ఫోన్ తిరిగిచ్చింది. "కేబుల్‌కి ఆసరా ఇవ్వమంది పుస్తకం. కేబుల్నే ఆసరా చేసుకోమనలేదండీ. అన్నీ విప్పండి, మళ్ళీ వస్తాను."

ఆమె వెళ్ళాక ఆర్విడ్ గొణిగాడు. "ఆ ఫోటోల్లో ఏముందో ముందే చెప్పొద్దూ?"

"నువ్వు అడిగావా? లాక్కున్నావు."

అతను తల గోక్కున్నాడు. "సరే, గది నీదే. ఆట ఉన్న రోజు మూలన ఓ కుర్చీ వేసుకోనా?"

"వేసుకో. సూదుల్లో దారం ఎక్కించడానికి మనిషి కావాలి."

ఈ చలికాలం తన జట్టు ఎన్ని ఆటలు గెలిచిందో ఆర్విడ్‌కు తెలియదు. ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో దారం ఎక్కించాల్సిన సూదులు రెండేసి.